గేటు చదువు, శనగ సేద్యం

ఏటా అప్రైజల్ లెటర్లు వచ్చిన వారం మన ఐటీ జనాల్లో ఒక జ్వరం మొదలవుతుంది. "ఛ, ఏం ఉద్యోగం ఇది, హాయిగా ఎం.టెక్ చేసుకుంటే పోలా?" అని. వినాయక చవితి ప్రాంతంలో గేటు అప్లికేషను పెడతారు. పాత ప్రశ్నపత్రాల పుస్తకం ఒకటి, ఏదో కోచింగు వాళ్ళ టెస్ట్ సిరీస్ ఒకటి కొంటారు. దసరా దాకా రోజుకి మూడు గంటలు. దసరాకి ఊరెళ్ళొచ్చాక అరగంట. దీపావళికల్లా ఆ పుస్తకం మానిటర్ కింద ఎత్తు కోసం పెట్టుకునే పీట. ఫిబ్రవరిలో "ఈసారికి ఊరికే చూసొద్దాం" అని పరీక్షకి వెళ్ళేవాళ్ళు కొందరు, ఆ పాటి కూడా లేకుండా దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్ళు ఇంకొందరు.

ఈ జ్వరం పడి లేచినవాళ్ళలో ఎవర్ని కదిపినా ఒకటే మాట వినబడుతుంది. "చదవగలను బాసూ, మోటివేషనే నిలబడట్లేదు." ఆ తర్వాతి ప్రశ్న కూడా ఒకటే. "అది తగ్గకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

దీనికి యూట్యూబులో రోజుకో వీడియో దొరుకుతుంది. వెనకాల డప్పులు మోగుతుంటే ముందు ఒకాయన కోటేసుకుని అరుస్తుంటాడు. చూసిన గంటసేపు ఒళ్ళంతా వేడిగా ఉంటుంది. గంట తర్వాత ఇంకో వీడియో కావాలి :-) నా మటుకు నాకు అసలు ఆ ప్రశ్నే తేడాగా అనిపిస్తుంది. ఉద్యోగం చేస్తూ చదివేవాడికి ఊపు తగ్గడం సహజం. తగ్గిన ఊపుని చూసి "నా చదువు సాగట్లేదు" అని తీర్పు చెప్పేసుకోవడం దగ్గరే కొంప మునుగుతోంది. ఎందుకంటున్నానో చెప్తా.

2006లో అమెరికాలో, సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీలో, రోడిగర్, కార్పికి అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టు చేత ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు. ఇంకో జట్టుకి కాసేపు చదవనిచ్చి, కాగితం తీసేసుకుని, గుర్తున్నదంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే బాగా రాశారు. వారం తర్వాత పెడితే మాత్రం సీను తిరగబడింది. చూడకుండా రాసుకున్నవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. "నీకు ఇది ఎంత గుర్తుంటుందనుకుంటున్నావు?" అని ముందే అడిగితే, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ఎక్కువ నమ్మకంగా చెప్పారట!

దీన్ని మన గదిలోకి తెచ్చుకుని చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్స్ వీడియో పాఠం ఒకటిన్నర స్పీడులో చూస్తుంటే అంతా అర్థమవుతున్నట్టే ఉంటుంది. హుషారు వస్తుంది. "ఇవ్వాళ నాలుగు పాఠాలు అయిపోయాయి" అని చెప్పుకోడానికీ బాగుంటుంది. అదే పాత ప్రశ్నపత్రం ముందేసుకుని కూర్చుంటే వందకి ముప్ఫైరెండు వస్తాయి. నీరసం ముంచుకొస్తుంది. ఊపుని మీటరుగా పెట్టుకున్నవాడు ఏం చేస్తాడు? ప్రశ్నపత్రం పక్కన పెట్టి మళ్ళీ వీడియోల వైపే పోతాడు. నవంబరుకల్లా పాఠాలన్నీ చూసేసి ఉంటాడు గానీ పేజీ రీప్లేస్‌మెంట్ లెక్క ఒకటి కాగితం మీద చెయ్యమంటే చెయ్యి కదలదు. అప్పుడొచ్చే దిగులు మామూలుగా ఉండదు. ఊపెక్కించే పని నేర్పేది తక్కువ, నేర్పే పని ఊపు తీసేస్తుంది. చాలాసార్లు ఇదే జరుగుతుంది.

కాబట్టి "ఇవ్వాళ విసుగ్గా ఉంది" అనేది చెడ్డ వార్తే కానక్కర్లేదు. తప్పులు తేలుతున్నాయి కాబట్టి విసుగొస్తోందా, అసలు పుస్తకమే తెరవలేదు కాబట్టి విసుగొస్తోందా అన్నది చూసుకోవాలి. రెండూ లోపల ఒకేలా అనిపిస్తాయి. లెక్క రాసుకుంటే గానీ తేడా తెలీదు.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. మాది నంద్యాల దగ్గర. 2022 ఏప్రిల్లో నంద్యాల జిల్లా అయ్యింది గానీ మేమింకా అలవాటుగా కర్నూలు జిల్లా అనే అంటుంటాం. నంద్యాలకి ఓ పదిహేను కిలోమీటర్ల దూరంలో నల్లమల కింద మహానంది. గుడి, కోనేరు, చుట్టూ అరటితోటలు అందరికీ తెలుసు. రాయలసీమంటే రాళ్ళూ రప్పలూ అనుకుని వచ్చినవాళ్ళు ఆ నీళ్ళు చూసి నోరెళ్ళబెడతారు. మన ఐటీ వాళ్ళకి పెద్దగా తెలియనిది ఏంటంటే అక్కడ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ వ్యవసాయ కళాశాల ఒకటుంది. 1991 నుంచీ ఉంది. నాలుగేళ్ళ బీఎస్సీ అగ్రికల్చర్ చదివే పిల్లలుంటారు. మనకి గేటు ఎట్లాగో వాళ్ళకి భారత వ్యవసాయ పరిశోధనా మండలి పీజీ సీట్లకి, ఫెలోషిప్పులకి పెట్టే జాతీయ ప్రవేశ పరీక్ష అట్లా. మాటల్లో అందరూ "జేఆర్ఎఫ్" అంటారు.

ఆ నాలుగో ఏడులోనే వాళ్ళకి "రావెప్" అని ఒకటుంటుంది. పల్లెల్లో రైతుల మధ్య ఉండి పని నేర్చుకోవాలి. పొద్దునంతా పొలాల్లో, రైతుల ఇళ్ళ దగ్గర. రాత్రికి రికార్డులు రాసుకోవడం. మధ్యలో జేఆర్ఎఫ్ చదువు. అంటే మనకున్నట్టే వాళ్ళకీ పగలంతా వేరే పని ఉంటుంది. అయినా చదువు సాగుతుంది. వాళ్ళకి మనకన్నా తెలివి ఎక్కువనో, పట్టుదల ఎక్కువనో నేననను. ఏర్పాటే వేరు. పక్క మంచం వాడూ అదే పరీక్ష రాస్తున్నాడు. మెస్సులో మాటలు కూడా దాని గురించే. పోయినేడు రాసిన సీనియర్ ఫోను కొడితే దొరుకుతాడు. ఒకడికి నీరసం వస్తే ఇంకొకడు లాక్కుపోతాడు. అక్కడ చదవకుండా ఉండటానికే కొంచెం పట్టుదల కావాలి!

మన సంగతి చూడండి. మారతహళ్ళిలోనో మాదాపూర్లోనో ఒక గది. రూమ్మేటు క్రికెట్ చూస్తుంటాడు. ఆఫీసులో చెప్తే మేనేజరు "వీడు వెళ్ళిపోతాడు" అని మంచి మాడ్యూలు ఇవ్వడేమోనని భయం, కాబట్టి ఎవరికీ చెప్పం. ఇంట్లో చెప్తే "ఏం నాయనా, ఉద్యోగం ఇడ్సిపెట్టి మళ్ళా సదువేందిరా? పెండ్లి సంగతి ఎట్ల?" అంటారు, కాబట్టి అక్కడా చెప్పం. రహస్యంగా, ఒంటరిగా, ఆఫీసులో పదిగంటలు అరిగిపోయిన బుర్రతో చదువుతాం. ఆ పైన "నాలో మోటివేషన్ లేదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. హాస్టల్ మొత్తం కలిసి మోసే బరువుని ఒక్కడే ఎత్తుకుని, నడుం పట్టేసిందని సిగ్గుపడ్డట్టుంది ఇది.

కాబట్టి నా మొదటి సలహా: ఇంకో ముగ్గుర్ని వెతుక్కోండి. ముగ్గురు చాలు. యాభైమంది ఉన్న వాట్సాప్ గ్రూపులు వద్దు, అక్కడ పీడీఎఫ్‌లు పంచుకోవడమే చదువనుకుంటారు. నలుగురూ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి ఒకే పాత ప్రశ్నపత్రం తెరవాలి. పన్నెండున్నరకి ఆపాలి. భోంచేసి, తప్పుపోయినవి ఒకరికొకరు చెప్పుకోవాలి. ఒకరు హైదరాబాదులో, ఒకరు చెన్నైలో ఉన్నా ఫోన్లో జరిగిపోతుంది. వారం మధ్యలో చదవకపోతే ఆదివారం పరువు పోతుంది. మనవాళ్ళ దగ్గర పరువుకున్నంత బలం కోటేసుకున్నాయన అరుపులకి లేదండీ.

సరే, తోడు దొరికింది. ఇప్పుడు లెక్కలు.

గేటు కంప్యూటర్ సైన్స్ పేపరు మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో జనరల్ ఆప్టిట్యూడు 15. ఇంజనీరింగ్ గణితం ఇంకో 13 దాకా ఉంటుంది. అంటే కోడూ, కంపైలరూ, నెట్‌వర్కులూ ముట్టుకోకముందే పావు వంతుకి పైగా మార్కులు అక్కడున్నాయి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు మాత్రం తమకి రోజూ పరిచయమున్న డేటాబేసులతో మొదలుపెట్టి, గణితాన్ని జనవరికి వాయిదా వేస్తారు. ఆబ్జెక్టివ్ ప్రశ్నలకి తప్పు పెడితే మూడో వంతు కోత. అంకె టైపు చెయ్యాల్సిన వాటికి కోత లేదు. 2021లో ఒకటికన్నా ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నలు కూడా చేర్చారు. వాటికీ కోత లేదు గానీ అన్నీ సరిగ్గా పెడితేనే మార్కు. ఆ కోత లేని ప్రశ్నలు వదిలేసి రావడమంటే ఉచితంగా ఇచ్చే భోజనం టోకెను చింపేసుకోవడమే.

ఇక గంటలు. వారం రోజుల్లో రెండేసి గంటలు, శని ఆదివారాలు ఐదేసి అనుకుందాం. వారానికి 20. సెప్టెంబరులో మొదలుపెడితే పరీక్షకి 22 వారాలుంటాయి, అంటే 440 గంటలు. ఇందులో పండగలు, పెళ్ళిళ్ళు, రిలీజులు, జ్వరాలు పోను అరవై శాతం మిగిలితే గొప్ప. 264. సిలబస్‌లో పది విభాగాలు, ఆప్టిట్యూడుతో కలిపి పదకొండు. ఒక్కోదానికి 24 గంటలు. చదవడం, లెక్కలు చెయ్యడం, మళ్ళీ చూసుకోవడం అన్నీ అందులోనే. సరిపోతుందా? కాలేజీలో బాగా చదివి, బయటికొచ్చి ఏడాదే అయిన వాడికి సరిపోవచ్చు. ఆటోమేటా పేరు విని ఐదేళ్ళైన వాడికి సరిపోదు. అదే మార్చిలో మొదలుపెడితే 48 వారాలు, 960 గంటలు, అరవై శాతం అంటే 576. ఒక్కోదానికి 52. ఇది మనిషికి సాధ్యమయ్యే లెక్క.

చాలామంది విషయంలో మోటివేషన్ పోయిందనుకునేది నిజానికి ఈ లెక్క తేలడమే. నవంబరులో ఒకరోజు రాత్రి బుర్రకి దానంతటదే తట్టేస్తుంది, ఇది అయ్యే పని కాదని. అది బద్ధకం కాదు, ఎస్టిమేషన్. ప్రాజెక్టులో అయితే "ఈ డేట్‌కి అవ్వదు" అని మొహమాటం లేకుండా క్లయింటుకి చెప్తాం (సరే, చెప్పాలనుకుంటాం). సొంత ప్రాజెక్టుకొచ్చేసరికి ఎందుకు చెప్పుకోం? గేటు స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. ఈ ఫిబ్రవరికి సగం విభాగాలు గట్టిగా చేసి, పరీక్ష రాసి, వచ్చే ఫిబ్రవరికి మిగతా సగం చెయ్యడం కూడా ఒక ప్లానే. రెండేళ్ళ ప్లాను అని ముందే రాసుకున్నవాడికి మొదటి ఏడాది మార్కులు తొలి బిల్డు లాంటివి. ఐదు నెలల్లో కొట్టేస్తా అనుకున్నవాడికి అవే మార్కులు గుండెపోటు.

అన్నట్టు, తప్పుల పుస్తకం ఒకటి పెట్టుకోండి. మనకి దాన్ని బగ్ ట్రాకర్ అంటే త్వరగా ఎక్కుతుంది. తప్పుపోయిన ప్రతి ప్రశ్నా ఒక టికెట్టు. ఎందుకు తప్పుపోయిందో ఒక లైను. వారం తర్వాత చూడకుండా మళ్ళీ చెయ్యాలి. వస్తే క్లోజు, రాకపోతే రీఓపెన్. 1885లోనే ఎబింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల జాబితాలు తనే బట్టీపట్టి తన మరుపుని తనే కొలుచుకున్నాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో విపరీతంగా ఉంటుందనీ, తర్వాత నెమ్మదిస్తుందనీ తేలింది. కాబట్టి దసరాకి వారం ఊరెళ్ళొచ్చి అంతా మర్చిపోయామని ఏడవక్కర్లేదు. అందరూ మర్చిపోతారు. రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత సేపు పట్టదు, అది కూడా ఆయన కొలిచిందే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఎందుకు రాస్తున్నాం?

మహానంది కాలేజీ పిల్లల దగ్గర నాకు అసూయ కలిగించే రెండో సంగతి ఇది. వాళ్ళకి పీజీ ఎందుకో కళ్ళెదురుగా కనబడుతుంది. పక్కనే నంద్యాలలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. వందేళ్ళు దాటిన సంస్థ. మా వైపు రేగడి నేలల్లో పప్పుశనగ పెద్ద పంట. మొక్క పొట్టిగా, నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి కోతకి కూలీలే దిక్కు. కూలీలు దొరక్క రైతులు నానా అవస్థలు పడుతున్నారని, మిషనుతో కొయ్యడానికి వీలుగా ఎత్తుగా, నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 అనే రకాన్ని నంద్యాల స్థానం నుంచే తెచ్చారు. ప్రయోగశాలలో మొదలైన పని చేలో హార్వెస్టరు తిరిగే దాకా వచ్చింది. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చదివి ఏం చేస్తారయ్యా అంటే, ఇదిగో ఇది చేస్తారు అని చూపించొచ్చు.

మనలో ఎంతమందికి అట్లా చూపించే జవాబుంది? నిజాయితీగా అడిగితే నాలుగు రకాల జవాబులొస్తాయి. ఒకటి, ఫలానా విషయం లోతుగా తెలుసుకోవాలి. రెండు, ఇప్పుడు చేస్తున్న సపోర్టు ప్రాజెక్టు నుంచి బయటపడాలి. మూడు, బీటెక్ కాలేజీ పేరు చూసి రెజ్యూమే పక్కన పడేస్తున్నారు, ఆ పేరు మార్చుకోవాలి. నాలుగు, ఫ్రెండ్సు రాస్తున్నారు. నాలుగో దానికి చెప్పేదేం లేదు :-) మూడోది సిగ్గుపడాల్సిన కారణం కానే కాదు. మా వైపు కాలేజీల్లో చదివొచ్చిన వాళ్ళకి ఆ తలుపు ఎట్లా మూసుకుంటుందో తెలుసు, గేటు ఆ తలుపు తీసే కొద్ది దారుల్లో ఒకటి. రెండోది మాత్రం జాగ్రత్త. ప్రాజెక్టు మారితే తీరిపోయే కష్టానికి రెండేళ్ళ చదువు మందు కాదు. జనవరిలో మేనేజరు మారి, మంచి పని దొరకగానే మీ "మోటివేషన్" మాయమైపోతే, మీ జబ్బు అదేనని అర్థం. కంగారు పడక్కర్లేదు, జబ్బు తగ్గినందుకు సంతోషించండి.

ఉద్యోగం మానేసి చదువుకెళ్ళిన వాళ్ళ గురించి చెప్పాలంటే రాజ్ రెడ్డి గారు గుర్తొస్తారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. గిండీలో ఇంజనీరింగు, ఆస్ట్రేలియాలో మాస్టర్సు చేసి, అక్కడే ఐబీఎంలో మూడేళ్ళ పాటు పని చేశారు. ఐబీఎం ఉద్యోగం! మన లెక్కలో సెటిలైపోయినట్టే. అది వదిలేసి స్టాన్‌ఫర్డ్ వెళ్ళి 1966లో పీహెచ్‌డీ చేశారు. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. సీమోడు ఐటీ ఉద్యోగం మానేసి చదువుకి పోవడం కొత్తేం కాదన్నమాట. ఇది ఊపెక్కించడానికి చెప్పట్లేదు. అట్లా మానేసి వెళ్ళి ట్యూరింగ్ అవార్డు రానివాళ్ళే కదా మిగతా అందరూ. నేను చూసేది ఒక్కటే. ఆయన ఉద్యోగం నచ్చక పారిపోయినట్టు కనబడదు. కంప్యూటర్లతో ఏం చెయ్యాలనుకున్నారో దానికి ఇంకా చదువు కావాల్సొచ్చింది. అట్లాంటి కారణం ఉన్నవాడికి ఊపు తగ్గినా పని ఆగదు.

కారణం ఉన్నా సరిపోదు, డబ్బు లెక్క కూడా ముందే చేసుకోవాలి. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. గేటు ద్వారా ఎం.టెక్ చేరిన వాళ్ళకి చాలా ఏళ్ళుగా ఇస్తున్న స్టైపెండు నెలకి 12,400. మా చుట్టాల్లో ఒక కుర్రాడున్నాడు. నాన్న రైతు. మూడు బోర్లు వేస్తే రెండు ఎండిపోయాయి. అక్క పెళ్ళి అప్పు వేరే. బెంగుళూరులో ఉద్యోగం. వీడి జీతంలో సగం ఇంటికి పోతుంది. రెండేళ్ళు కష్టపడి చదివాడు. వీడికి మోటివేషన్ లేదనే మాటే లేదు, నైట్ షిఫ్టు చేసొచ్చి కూడా పొద్దున లెక్కలు చేసేవాడు. కౌన్సెలింగులో ఒక ఎన్ఐటీలో సీటొచ్చింది. ఇంట్లో చెప్పాడు. వాళ్ళ నాన్న కోప్పడలేదు, కాసేపు ఊరుకుని "పన్నెండు వేలకి యాడికి పోతావు నాయనా, బోరు అప్పు ఇంగా తీర్లా" అన్నాడట. వాడు చేరలేదు.

తప్పు ఎవరిదీ అనట్లేదు నేను. ఆ తండ్రి చెప్పిందాంట్లో అబద్ధం లేదు. రెండేళ్ళు పొద్దున్నే లేచి చదివిన వాడి కష్టంలోనూ అబద్ధం లేదు. కానీ ఆ మాట సీటొచ్చిన రోజున కాకుండా పుస్తకం కొన్న రోజున ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని ఉంటే? నెలకి ఎంత పంపకపోతే ఇల్లు ఆగుతుంది, ముందు ఒక ఏడాది ఆగి ఆ అప్పు తీర్చేసి అప్పుడు రాస్తే ఎట్లా ఉంటుంది, ఉద్యోగం మానకుండా చదివే కోర్సులు ఏమున్నాయి అని చూసి ఉండేవాళ్ళు. వాడి చదువుకి ఏ లోటూ లేదు. దాని చుట్టూ కట్టాల్సిన గట్టు ముందే కట్టలేదు, అంతే. మన వైపు నుంచి వచ్చిన వాళ్ళలో ఇట్లాంటివాళ్ళు చాలామంది ఉంటారు. ఇంటికి చెప్పకుండా చదవడం ధైర్యం అనుకుంటాం. చెప్పి చదవడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

ఇంకో మాట కూడా అనుకోవాలి. ఎప్పుడు ఆపాలి? మొదలుపెట్టేటప్పుడే ఒక కాగితం మీద రాసుకోవాలి: ఎన్నిసార్లు రాస్తాను, ఎంత కన్నా తక్కువ వస్తే మానేస్తాను. జనరల్ కేటగిరీలో అర్హతకి వందకి కనీసం 25 కావాలి. సగటుకి స్టాండర్డ్ డీవియేషన్ కలిపితే అంతకన్నా ఎక్కువొస్తే అదే గీత. కానీ అర్హత వేరు, మీకు కావాల్సిన సీటు వేరు. ఆ సీటుకి గత ఏళ్ళలో ఎంత స్కోరు దగ్గర ఆగిందో చూసుకుని, మీ ఆదివారపు మార్కులు దానికి దగ్గరవుతున్నాయో లేదో చూసుకోండి. రెండు ప్రయత్నాల తర్వాత కూడా దగ్గరవ్వకపోతే ఆపెయ్యడం ఓటమి కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి దాని ప్రవేశ పరీక్ష దానికుంది. రాష్ట్రంలో పీజీఈసెట్ ఉంది. డేటా సైన్స్, ఏఐ వైపు వెళ్ళాలనుకునే వాళ్ళకి 2024 నుంచి గేటులోనే విడి పేపరుంది. ఏదీ కాదంటే మీ ఉద్యోగంలోనే మంచి పని వెతుక్కోవడం ఉంది. "ఇంకొక్కసారి" అని ఐదేళ్ళు రాసి, అటు పరీక్షా రాక ఇటు ఉద్యోగంలోనూ ఎదగక మధ్యలో మిగిలిపోవడమే నాకు భయం వేసే సంగతి. మోటివేషన్ వీడియోలు ఆ "ఇంకొక్కసారి"నే అమ్ముతాయి. వాటికి మీ వయసుతో పన్లేదు.

చివరగా, శనగ సంగతి. రేగడి నేలలో పప్పుశనగ వేసేది అక్టోబరు, నవంబరుల్లో, వానలు వెనకపట్టాక. పైనుంచి వాన పెద్దగా ఉండదు. నేలలో దాచుకున్న తడి మీద, కాస్త మంచు మీద ఆ పంట బతుకుతుంది. నీళ్ళు ఎక్కువైతే దానికే చేటు. కోత ఫిబ్రవరి ప్రాంతంలో. గేటు కూడా ఫిబ్రవరిలోనే కావడం కాకతాళీయమే గానీ, చదువు ఎండిపోయే నెలలు కూడా సరిగ్గా అక్టోబరు నుంచే మొదలవుతాయి. అప్రైజల్ కోపం, కొత్త పుస్తకం వాసన, ఫ్రెండ్సు మాటలు, ఇవన్నీ ముందు కురిసే వాన. అది వెలుస్తుంది. వెలవాల్సిందే. అప్పటికి నేలలో తడి ఉండాలి, అంటే ముగ్గురు తోడు, గంటల లెక్క, తప్పుల పుస్తకం, ఇంట్లో చెప్పిన మాట, ఎక్కడ ఆపాలో రాసుకున్న కాగితం. మా వైపు రైతు నవంబరులో ఆకాశం చూసి వాన రాలేదని చేను వదిలేసి పోడు. విత్తేముందే మట్టి చేతిలోకి తీసుకుని, నలిపి, తడెంతుందో చూసుకుంటాడు. తడి లేదనిపిస్తే ఆ ఏడు ఆ చేలో శనగ వెయ్యడు, ఇంకోటి చూసుకుంటాడు.

మీరూ ఈ వారం అంతే చెయ్యండి. వీడియో ఆపేసి, ఒక పాత ప్రశ్నపత్రం తీసి, మూడు గంటలు కూర్చుని రాయండి. ఎన్ని మార్కులొచ్చాయో, వారానికి ఎన్ని గంటలున్నాయో, ఇంటికి ఎంత పంపాలో ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. రాయాలో వద్దో ఆ కాగితమే చెప్తుంది. రాయాలని తేలితే ఊపు ఉన్న రోజూ చదవండి, లేని రోజూ రెండు లెక్కలు చెయ్యండి. రిలీజు వారమైనా సరే, రెండే.